తుపాకి పేలితే గల్లాపెట్టె ఎక్కడ మోగుతుంది?

చెరువుగట్టు జాతరలో బుడగలు కాల్చే దుకాణం ముందు ఎప్పుడూ నలుగురైదుగురు నిలబడి ఉంటారు. చెక్క పలకకు వరుసలుగా రంగు బుడగలు, ముందొక బల్ల, బల్ల మీద రెండు ఎయిర్‌గన్నులు. డబ్బిస్తే దుకాణదారు గుళ్లు లెక్కపెట్టి గన్ను చేతికిస్తాడు. గొట్టం వంకరగా ఉందని, అందుకే గురి తప్పుతోందని ప్రతివాడూ గొణుగుతాడు, ఇంకో పది గుళ్లకు డబ్బిస్తాడు. ఈ ఏడాది మా మేనల్లుడు గన్ను పట్టుకోలేదు. పక్కన నిలబడి ఫోనులో వీడియో తీశాడు. తిరుగు ప్రయాణంలో నార్కట్‌పల్లి దగ్గర చాయ్ తాగుతూ అడిగాడు: "మామా, అమెరికాలో ఒకాయన యూట్యూబ్ వీడియోలో తుపాకితో పుచ్చకాయను కాలుస్తాడు. లక్షల మంది చూస్తారు. ఇక్కడైతే కాల్చేవాడే డబ్బిస్తున్నాడు. అక్కడ కాల్చేవాడికే డబ్బు వస్తోందట. ఎవరిస్తారు?"

నేను నల్గొండలో ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్నాను. ఒకప్పుడు రైసు మిల్లుల వాళ్లు, ఎరువుల దుకాణాల వాళ్లు, టీచర్లు వచ్చేవారు. ఈ మధ్య జానపద పాటల ఛానెళ్ల వాళ్లు, బత్తాయి తోటల మీద వీడియోలు చేసేవాళ్లు, వంటల వాళ్లు కూడా వస్తున్నారు. డాలర్లు రూపాయలుగా మారి వాళ్ల ఖాతాల్లో పడే తీరు చూసి చూసి, ఈ వ్యాపారపు ఆనుపానులు నాకు కొంత అర్థమయ్యాయి. తుపాకి వీడియోల వాళ్లు మాత్రం ఒక్కరూ నా బల్ల దాకా రాలేదు. ఎందుకు రాలేదన్నదీ ఈ కథలో భాగమే. ముందు వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మామూలు ఛానెల్ లెక్కతో మొదలుపెడదాం. యూట్యూబ్‌లో ప్రకటనల సొమ్ములో వాటా కావాలంటే ఛానెల్‌కు 1,000 మంది చందాదారులు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ సమయం ఉండాలి. పొట్టి వీడియోల దారిలో వచ్చేవారికైతే 90 రోజుల్లో కోటి వీక్షణలు కావాలి. ఈ 1,000, 4,000 గీత 2018లో గీశారు. అర్హత వచ్చాక, మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటన సొమ్ములో 55 శాతం చేసినవారికి, 45 శాతం కంపెనీకి. పొట్టి వీడియోల లెక్క వేరు. అందరి వీడియోల మధ్య వచ్చిన ప్రకటన సొమ్మును ఒక కుండలో పోసి, సంగీతానికి చెందాల్సింది తీసి, మిగిలినదాన్ని వీక్షణల కొద్దీ పంచి, ఆ పంపకంలో 45 శాతం ఇస్తారు. ఖాతాలో 100 డాలర్లు నిండేదాకా డబ్బు కదలదు. నిండితే నెలలో 21 నుంచి 26 తేదీల మధ్య బ్యాంకుకు వస్తుంది. ఆ తేదీలు దాటినా రాకపోతే కొందరు నాకు ఫోను చేస్తారు, ఆ సంస్థలో నేనేదో గుమాస్తానన్నట్టు.

ఇందులో వీక్షణల సంఖ్య కంటే ముఖ్యమైనది ఒకటుంది: వీడియో పక్కన నిలబడటానికి ఎవరు పోటీ పడుతున్నారు? ప్రకటన స్థలం అనుక్షణం వేలంలో అమ్ముడవుతుంది. బత్తాయి తోట వీడియో అయితే డ్రిప్ పైపుల కంపెనీ, ట్రాక్టర్ల కంపెనీ, బ్యాంకు పాట పాడతాయి. చూసేవాడు రైతు, ప్రకటన ఇచ్చేది రైతుకు సరుకు అమ్మేవాడు. సంత, సరుకు ఒకే మైదానంలో ఉన్నాయి. ఈ లెక్కన తుపాకి వీడియో పక్కన తుపాకుల కంపెనీలు ఎగబడాలి. కొనే అలవాటున్న అమెరికన్లు లక్షల్లో కూర్చుని చూస్తున్నారు మరి.

ఎగబడవు. ఎగబడనివ్వరు. గూగుల్ ప్రకటనల నియమాల ప్రకారం తుపాకులు, తూటాలు, పేలుడు పదార్థాల ప్రకటనలు నిషిద్ధం. యూట్యూబ్ ఆ గూగుల్‌దే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ ఆయుధాలకు ప్రకటనలు కొనలేరు. 2019 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ మరో అడుగు వేసి, డబ్బు తీసుకుని ఆయుధాలను, పొగాకును, వేపింగ్‌ను ప్రచారం చేసే పోస్టులూ కుదరవని చెప్పింది. అంటే తుపాకి వీడియో జనాన్ని పోగుచేయవచ్చు, కానీ ఆ జనానికి సరుకు అమ్మాలని అందరికంటే ఎక్కువ ఆశ ఉన్న వర్తకుడికి ఆ సంతలో చోటు లేదు. సామాన్యుడికి అర్థం కాని ముడి ఇదే. దీన్ని పట్టుకుంటే మిగతాదంతా దారం లాగినట్టు వస్తుంది.

తుపాకి వర్తకుడు లేకపోతే సబ్బులు, కార్లు, బిస్కెట్లు అమ్మేవారు ఉండవచ్చు కదా? ఉంటారు, కానీ భయపడతారు. 2017 మార్చిలో తమ ప్రకటనలు ఉగ్రవాద ప్రచార వీడియోల పక్కన వస్తున్నాయని బ్రిటన్ పత్రికల్లో బయటపడగానే పెద్ద పెద్ద కంపెనీలు యూట్యూబ్ నుంచి ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. అప్పటి నుంచి ఏ వీడియో పక్కన ఎలాంటి ప్రకటన ఉండవచ్చో గట్టిగా జల్లెడ పట్టడం మొదలైంది. వీడియో పక్కన డాలర్ గుర్తు పచ్చగా ఉంటే ప్రకటనలన్నీ వస్తాయి. పసుపుగా ఉంటే చాలామంది ప్రకటనదారులు తప్పుకున్నారని, లేదా ప్రకటనలే లేవని అర్థం. నా దగ్గరకు వచ్చే పాటల ఛానెళ్ల వాళ్లు పసుపు గుర్తు అంటే పంటకు తెగులు వచ్చినట్టు కంగారుపడతారు. తుపాకి ఛానెళ్ల వాళ్లకు అది నిత్యం ఉండే వాతావరణం.

అలాగని నియమాల్లో తుపాకి అనగానే సంపాదన నిషేధం అని రాసి లేదు. గీతలు కొంచెం సూక్ష్మంగా ఉన్నాయి. కాల్పుల మైదానంలాంటి సురక్షితమైన చోట తుపాకిని చూపించడం, పనితీరును సమీక్షించడం, తుపాకి చట్టాల మీద చర్చించడం వంటివాటికి పూర్తి ప్రకటనలు దక్కే వీలుంది. అదుపు లేని చోట కాలిస్తే ప్రకటనలు తగ్గుతాయి. తుపాకి తయారీ, మార్పుచేర్పులు చూపినా, అమ్మకానికి దారి చూపినా అసలే ఉండవు. వీడియో ఎక్కించేటప్పుడు ఇందులో తుపాకులు ఉన్నాయా, ఏ తరహాలో ఉన్నాయి అని చేసినవారినే అడుగుతారు. నిజాయితీగా చెప్పేవారి మాటకు కాలక్రమేణా విలువ పెరుగుతుంది. మన పన్ను రిటర్ను లాంటిదే, ముందు మనమే చెప్పుకోవాలి, తర్వాత వాళ్లు సరిచూసుకుంటారు.

లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. ఒక వీడియోకు 10 లక్షల వీక్షణలు వచ్చాయి, సగం వీక్షణల్లో ప్రకటన కనిపించింది, వెయ్యి ప్రకటనలకు 10 డాలర్ల ధర పలికింది. ఇవన్నీ నేను కల్పించుకున్న అంకెలే. మొత్తం 5,000 డాలర్లు, అందులో 55 శాతం అంటే 2,750. పసుపు గుర్తు పడి ప్రకటనలు పదో వంతుకు పడిపోతే 275. అదే వీడియో, అదే తుపాకి, అదే శ్రమ. జీతం ఎంతో నెల చివరిదాకా తెలియని ఉద్యోగం మీద ఎవరూ ఇల్లు కట్టరు. అందుకే వాళ్లు ప్రకటన సొమ్మును పండగ మామూలుగా చూస్తారు, వస్తే సంతోషం. ఇల్లు గడవడానికి పక్కదారులు వేసుకున్నారు.

పక్కదారుల్లో మొదటిది స్పాన్సరు. తుపాకి కంపెనీ గూగుల్‌కు ప్రకటన ఇవ్వడానికి వీల్లేదు కానీ వీడియో చేసే మనిషితో నేరుగా మాట్లాడుకోవచ్చు. వీడియో మొదట్లో నిమిషంసేపు ఆయన నోటితోనే చెప్పించే ప్రకటన ఇది. ఈ డబ్బులో గూగుల్‌కు వాటా లేదు, పసుపు గుర్తుతో పని లేదు. స్పాన్సర్లంతా తుపాకి కంపెనీలే అనుకోనక్కరలేదు. చెవులకు పెట్టుకునే రక్షణ పరికరాలు, కళ్లద్దాలు, గురి చూసే దుర్బిణులు, తుపాకి శుభ్రం చేసే సామాను, ఇంట్లో తాళం వేసుకునే ఇనప్పెట్టెలు, కత్తులు, బూట్లు, ఆఖరికి ఇంటర్నెట్ గోప్యత సాఫ్ట్‌వేర్, మొబైల్ ఆటలు. చూసేవారిలో మగవాళ్లు ఎక్కువ, కొనుగోలు శక్తి ఉన్నవాళ్లు ఎక్కువ అని నమ్మే ప్రతి వర్తకుడూ వస్తాడు. ఊళ్లో కోడిపందేల దగ్గర కోడిని అమ్మేవాడి కంటే పల్లీలు, సోడా అమ్మేవాడే ఎక్కువ చేసుకుంటాడు.

రెండో దారి తగ్గింపు కోడు. "నా పేరు చెప్పి కొంటే పది శాతం తక్కువ" అంటాడు. ఆ కోడుతో జరిగిన ప్రతి అమ్మకంలో ఆయనకు కొంత ముడుతుంది. ఇక్కడ 2018 మార్చి కీలకం. అంతకు ముందు అక్టోబరులో లాస్ వేగాస్ సంగీత కచేరీ మీద కాల్పులు జరిగాయి. రైఫిల్‌ను వేగంగా పేల్చే బంప్ స్టాక్ అనే పరికరం అక్కడ వాడారు, వెంటనే దాని బిగింపు నేర్పే వీడియోలను యూట్యూబ్ నిషేధించింది. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది చనిపోయారు. మరుసటి నెలలో నియమం ఇంకా బిగిసింది. తుపాకులను, కొన్ని రకాల విడిభాగాలను అమ్మే వీడియోలు, అమ్మే వెబ్‌సైట్లకు లింకులు ఇచ్చే వీడియోలు, తయారీ నేర్పే వీడియోలు ఉండకూడదన్నారు. వీడియో కింద ఇచ్చే లింకే చాలామందికి దుకాణం గుమ్మం. ఆ గుమ్మానికి తాళం పడింది. అప్పుడు ఇన్‌రేంజ్ టీవీ అనే ఛానెల్ తన వీడియోలను ఒక అశ్లీల చిత్రాల సైటులో పెట్టింది. జనం నవ్వుకున్నారు, కానీ అందులో ఒక నిరసన ఉంది: తుపాకి చరిత్ర వీడియోకు ఇక అక్కడే చోటు దొరుకుతుందా అని.

2024 జూన్ 18 నుంచి మరో మెలిక. ఇంట్లో తయారుచేసిన తుపాకులు, పూర్తి ఆటోమేటిక్ ఆయుధాలు, కొన్ని అదనపు భాగాలు కనిపించే వీడియోలకు వయోపరిమితి పెట్టారు. భద్రతా పరికరాలను తీసేయడం నేర్పే వీడియోలను నిషేధించారు. వయోపరిమితి పడిన వీడియో లాగిన్ కాని వారికి, 18 ఏళ్లు నిండని వారికి కనిపించదు, ప్రకటనలూ ఆ మేరకు ఎండిపోతాయి. వీధి దుకాణాన్ని ఇంటి వెనక గదిలోకి మార్చినట్టు.

మూడో దారే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది: చూసేవాళ్లే నెలనెలా ఇచ్చే చందా. 2013లో మొదలైన పేట్రియాన్ ఇందుకు వాడుకలో ఉన్న వేదిక. ఫర్గాటెన్ వెపన్స్ అనే ఛానెల్‌ను చూడండి. ఇయాన్ మెకాలమ్ అనే ఆయన ఒక బల్ల ముందు నిలబడి, చరిత్రలో మరుగునపడ్డ ఒక తుపాకిని విప్పి, ఏ స్ప్రింగు ఎందుకుందో, దాన్ని చేసినవాడు ఎలా దివాలా తీశాడో నెమ్మదిగా చెబుతాడు. చాలా వీడియోల్లో ఒక్క గుండు పేలదు. ఆ ఛానెల్‌కు ప్రధానమైన ఆసరా పేట్రియాన్ చందాలే. వేలం శాలలు తమ దగ్గరకు అమ్మకానికి వచ్చిన అరుదైన తుపాకులను ఆయనను చిత్రీకరించుకోనిస్తాయి. ఆయనకు వీడియో, వాళ్లకు పేరు. తర్వాత ఆయన మిత్రులతో కలిసి ఆయుధ చరిత్ర పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ కూడా పెట్టారు. ప్రకటన మీద ఆధారపడితే గోల ఎక్కువగా చేయాలి, చందా మీద ఆధారపడితే విషయం ఎక్కువగా చెప్పాలి అని నాకు అనిపిస్తుంది. మా పాటల ఛానెళ్ల వాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. మన దగ్గర చూసేవాడు డేటాకు డబ్బు కడతాడు, పాటకు కట్టడు.

నాలుగోది సొంత సరుకు. టీషర్టులు, టోపీలు, కాఫీ పొడి, తుపాకి తుడిచే నూనె, చివరకు సొంత కంపెనీ. ఇక్కడ ఒక చేదు ఉదంతం. టెక్సాస్‌కు చెందిన మ్యాట్ క్యారికర్ అనే పశువైద్యుడు నడిపిన డెమోలిషన్ రాంచ్‌కు కోటికి పైగా చందాదారులు. ఆ ఛానెల్ పేరున్న టీషర్టులు అమ్మేవారు. 2024 జూలై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో డోనల్డ్ ట్రంప్ మీద కాల్పులు జరిపిన యువకుడు ఆ టీషర్టు వేసుకుని ఉన్నాడు. ఛానెల్‌కు ఆ నేరంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. టీషర్టు అమ్మడమంటే తన పేరును ఎవరి వీపు మీదనో పంపించడం. ఎవరి వీపో మన చేతిలో ఉండదు.

మిగిలినవి చిన్న పాయలు. యూట్యూబ్‌లోనే సభ్యత్వాలు, ప్రత్యక్ష ప్రసారంలో వచ్చే చిల్లర కానుకలు ఉన్నాయి, వాటిలో 70 శాతం చేసినవారికి. రంబుల్ వంటి ఇతర వేదికలు ఉన్నాయి, జనం తక్కువ. కాల్పుల శిక్షణ తరగతులు ఉన్నాయి, వీడియో అక్కడ కరపత్రంలా పనిచేస్తుంది.

ఇంతవరకు జమ. ఖర్చు వైపు చూడకపోతే నా వృత్తికే మచ్చ. పెద్ద 50 క్యాలిబర్ తూటా ఒక్కటి పేలిస్తే కొన్ని డాలర్లు పొగైపోతాయి. వేగాన్ని నెమ్మదిగా చూపే కెమెరాలు, విశాలమైన స్థలం, బీమా, న్యాయవాది, ఎడిటర్ల జీతాలు వేరే. అమెరికాలో 1986 తర్వాత తయారైన మెషిన్‌గన్నులను మామూలు పౌరుడు సొంతం చేసుకోలేడు. అందుకే కొందరు ఛానెళ్ల వాళ్లు తుపాకి వ్యాపారి లైసెన్సు తీసుకుని, దానికి ప్రత్యేక పన్ను కడుతూ ఆ దారిలో వాటిని చేతికి తెచ్చుకుంటారు. 2013లో జార్జియా రాష్ట్రంలో ఒక పేరుమోసిన ఛానెల్ నడిపే వ్యక్తి పొలంలో ఫెడరల్ అధికారులు సోదా చేశారు. వీడియోల ద్వారా డబ్బు వస్తోంది కాబట్టి పేలుడు పదార్థాల వాడకం సరదా కాదు, వ్యాపారం, దానికి లైసెన్సు ఉండాలన్నది వారి వాదన. ఆదాయం రాగానే సరదా పేరు మారిపోతుందని నేను రోజూ చెప్పే మాటే అది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు శరీరం. 2021 ఏప్రిల్‌లో కెంటకీ బాలిస్టిక్స్ ఛానెల్ నడిపే వ్యక్తి పెద్ద రైఫిల్ పేలుస్తుండగా అది ముక్కలై, ఒక ముక్క మెడలోని రక్తనాళాన్ని చీల్చింది. వేలితో గాయాన్ని నొక్కి పట్టుకుని ఆసుపత్రికి చేరాడు, బతికాడు. ఆ దృశ్యాన్ని తర్వాత తానే ఛానెల్‌లో పెట్టాడు. జనం విరగబడి చూశారు. దీన్ని ఏ పద్దులో రాయాలో నాకు తెలియదు.

ఇక నా బల్ల దాకా తుపాకి వీడియోల వాళ్లెవరూ ఎందుకు రాలేదు? పై దారులన్నిటికీ కింద ఒక నేల ఉంది: తుపాకి కొనడం, అమ్మడం, సొంత స్థలంలో పేల్చడం చట్టబద్ధమైన దేశం. ఆ నేల మన దగ్గర లేదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడమే నేరం. 2019 సవరణ తర్వాత మామూలు తుపాకికి రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు, నిషేధిత రకానికి ఏడేళ్ల నుంచి 14 ఏళ్ల దాకా. లైసెన్సు ఉన్నవారికి కూడా తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. పెళ్లి బరాత్‌లోనో గెలుపు ఊరేగింపులోనో గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో తుపాకిని ఊపుతూ ప్రదర్శించడమూ కుదరదు. పంజాబ్‌లోనైతే 2022 నవంబరులో తుపాకులను గొప్పగా చూపే పాటలను, సామాజిక మాధ్యమాల పోస్టులను ప్రభుత్వం నిషేధించింది. అమెరికాలో వీడియో సరుకు, ఇక్కడ అదే వీడియో సాక్ష్యం. కేసు పెట్టడానికి పోలీసులు ఆధారం వెతుక్కునే పని లేకుండా, పేరు, ముఖం, తేదీతో సహా నేరస్థుడే అప్‌లోడు చేసి ఇస్తాడు.

కాబట్టి తెలుగులో ఈ కోవలో సంపాదన కనిపించేది అంచుల్లోనే. మొబైల్ ఫోనులో తుపాకి ఆటలు ఆడుతూ ప్రత్యక్ష ప్రసారం చేసేవారు ఒక వర్గం. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు, దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో యాప్ దుకాణాల నుంచి తీసేయించినప్పుడు ఈ వర్గం ఆదాయం ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. 2023లో అది తిరిగి వచ్చింది. ఇంకో వర్గం క్రీడ. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు, పిస్టల్ షూటర్ ఇషా సింగ్ హైదరాబాద్ అమ్మాయే. 20 జౌల్స్ శక్తి, 4.5 మిల్లీమీటర్ల గొట్టం రంధ్రం దాటని ఎయిర్‌గన్నుకు లైసెన్సు అక్కరలేదు. అందుకని గురి నేర్పే వీడియోలు, ఎయిర్‌గన్ను సమీక్షలు చేసేవారు ఉన్నారు. జాతర దుకాణంలోనిదీ ఎయిర్‌గన్నే. కంపెనీ ఉచితంగా పంపిన వస్తువు విలువ ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను కోత వర్తిస్తుందని 2022 జూలై నుంచి నియమం. డబ్బు తీసుకుని చెప్పిన మాటకు అది ప్రకటన అని చూపించాలి. ఇవి చాలామంది మరిచిపోతారు, నోటీసు వచ్చాక గుర్తొస్తాయి.

మూడో వర్గం నాకు దడ పుట్టిస్తుంది. పాలమూరు నుంచి నల్గొండ దాకా కోతుల బెడద, అడవిపందుల బెడద తెలియని రైతు లేడు. ప్లాస్టిక్ పైపు, కార్బైడ్‌తో పెద్ద చప్పుడు చేసే గొట్టాల వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. చేలో జంతువులను బెదరగొట్టడానికి తయారైన వస్తువు వీడియోల పుణ్యమా అని పిల్లల ఆటవస్తువైంది. 2025 అక్టోబరులో దీపావళికి మధ్యప్రదేశ్‌లో అలాంటి కార్బైడ్ గన్నులతో పదులకొద్దీ పిల్లల కళ్లు గాయపడ్డాయి, కొందరికి చూపే పోయింది. పొట్టి వీడియో కుండలో ఆ వీడియోలు చేసినవారికి పడిన వాటా ఎంత ఉంటుంది? లక్ష వీక్షణలకు చాయ్ ఖర్చులు వస్తే గొప్ప.

మన వాళ్లు అక్కడికి వెళ్లి చేస్తే? డల్లాస్‌లో నల్గొండ వాళ్లు తక్కువేమీ కాదు. శనివారం కాల్పుల మైదానానికి వెళ్లి తుపాకి అద్దెకు తీసుకుని పేల్చిన వీడియో ఆదివారానికల్లా ఇక్కడ తల్లిదండ్రుల వాట్సాప్‌లో ఉంటుంది. ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి, "మా వాడు ఛానెల్ పెడతానంటున్నాడు, పన్ను ఎక్కడ కట్టాలి సార్?" అని అడిగారు. పన్ను కంటే ముందు వీసా గురించి అడగమన్నాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కలిగి ఉండకూడదు. పైగా ఎఫ్-1, హెచ్-1బీ వీసాల వారు అనుమతి లేని పని చేసి సంపాదించకూడదు. వీడియో ఆదాయం దానికిందికి వస్తుందేమోనని వలస న్యాయవాదులు జాగ్రత్త చెబుతారు. ఇక్కడే ఉండి వీడియోలు చేసే మన వాళ్లకు పన్ను సంగతి తేలిక: అమెరికా ప్రేక్షకుల నుంచి వచ్చిన భాగం మీద, రెండు దేశాల పన్ను ఒప్పందం కింద ఉండే ఫారం నింపి ఇస్తే, 15 శాతం అక్కడ కోస్తారు. దాన్ని ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ ఫారం నింపకుండా ఎక్కువ కోయించుకుని వచ్చేవారిని ఏటా చూస్తుంటాను.

ఇదంతా ఒక సాయంత్రం మేనల్లుడికి చెప్పాను, కొంచెం ఎక్కువే చెప్పినట్టున్నాను. వాడికి వీటిలో పట్టుబడింది ఒకటే, బల్ల ముందు నిలబడి పాత తుపాకి కథ చెప్పే మనిషి. మర్నాడు వచ్చి, "మన దగ్గరా అలాంటి కథలున్నాయి కదా మామా" అన్నాడు. ఉన్నాయి. 1946 జూలై 4న, అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది దొర మనుషుల తుపాకులు. ఆ తర్వాత ఊళ్లు వడిసెలలతో, బర్మారు తుపాకులతో లేచాయి. బర్మారు అంటే ముందు గొట్టంలోంచి మందు, గుండ్లు కూరి పేల్చేది. ఒకసారి పేలితే మళ్లీ కూరేదాకా ఉత్త కర్రే. రజాకార్ల ముందు, తర్వాత సైన్యం ముందు అలాంటి తుపాకితో నిలబడ్డవారి పిల్లలు, మనవలు సూర్యాపేట, దేవరకొండ వైపు ఇంకా ఉన్నారు.

వాడు ఇప్పుడు ఆదివారాలు బైకు వేసుకుని ఊళ్లు తిరుగుతున్నాడు. తుపాకి ఎక్కడా ఉండదు, ముసలివాళ్ల చేతులుంటాయి, కూరడం ఎలాగో గాల్లో చూపిస్తూ. ఒకటి మాత్రం కత్తిరించమన్నాను. మందు దేనితో, ఏ పాళ్లలో కలిపేవారో ఒక తాత వరస తప్పకుండా చెప్పాడు. తాతకు అది జ్ఞాపకం, యూట్యూబ్‌కు అది తయారీ నేర్పడం. వాడు కాసేపు గునిసి కత్తిరించాడు.

ప్రస్తుతం చందాదారులు 640 మంది. డాలర్ గుర్తు పచ్చగా ఉంటుందా పసుపుగా ఉంటుందా అన్న ప్రశ్న ఇంకా రాలేదు. పెట్రోలు ఖర్చు నా ఖాతాలోనే రాస్తున్నాను.